నాలుగు తాళాల నీళ్ళు

తాళాలు చేసే మామయ్యకు ఉన్న జబ్బు ఒక్కటే: అనుమానం. అద్దంలో తన మొహం తనకే కనబడినా, "ఎవరు నువ్వు? నా చొక్కా నీకెక్కడిది?" అని నిలదీసే రకం. టీ తెచ్చినవాడిచేత ముందు ఒక గుక్క తాగిస్తాడు. వాడు తాగాక, "గుక్కెడు తగ్గిందేం?" అని దెబ్బలాడతాడు. ఆయనతో వేగలేక లాండ్రీ నడిపే మేనకోడలికి తల ప్రాణం తోకకొచ్చేది.

అలాంటి మనిషిని నీటి సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారంటే దానికో లెక్క ఉంది. కాలువ ఒక్కటే. దాని మీద బతికేవాళ్ళు మేనకోడలు, ఐసు ఫ్యాక్టరీ యజమాని, కూరగాయల రైతు, చేపల చెరువు ఆసామి. ఒకరి పొడ ఒకరికి గిట్టదు. ఎవరిని అధ్యక్షుడిగా పెట్టినా, "వాడు వాళ్ళ మనిషి" అనేవారు మిగతావాళ్ళు. మామయ్య ఎవరి మనిషీ కాడు. మేనకోడలితో సహా అందరినీ సమానంగా అనుమానిస్తాడు. అంతకంటే న్యాయం ఇంకెక్కడ దొరుకుతుంది?

ఆయన వస్తూనే కాలువ షట్టరుకు నాలుగు తాళాలు బిగించి, తాళంచెవులు తలా ఒకటి పంచాడు. నలుగురూ వచ్చి నిలబడితే తప్ప షట్టరు లేవదు. ఆ రోజు వంతు ఎవరిదైతే నీళ్ళు వాళ్ళకి. దించేటప్పుడు మాత్రం, "మీ చేతుల్ని నేను నమ్మను" అంటూ కాలువలోకి తనే దిగేవాడు. రోజూ పొద్దున్నే ఒకరి మొహం ఒకరు చూడక తప్పక, నలుగురికీ మెల్లగా మాటలు కలిశాయి.

"ఏమిటా గుసగుసలు? నా మీదేనా?" అనేవాడు మామయ్య.

"ఐసాయన కూతురికి జ్వరమట మామయ్యా."

"జ్వరమెందుకొచ్చింది? తడిసిందా? ఎవరి వంతు నీళ్ళలో?"

ఇంతలో ఎండలు ముదిరాయి. కాలువ చివర మొక్కల నర్సరీ పెట్టుకున్న ఆవిడ ఒక పొద్దున షట్టరు దగ్గరికి వచ్చింది. "మా బావి ఎండిపోయిందండీ. ఈ నారు చస్తే మా ఇల్లు గడవదు. కాసిని నీళ్ళు ఇటు వదలండి" అని బతిమాలింది.

ఐసాయన ఆకాశం చూశాడు. రైతు నేల చూశాడు. చేపలాయనకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. మేనకోడలు నోరు తెరిచేలోపే మామయ్య విరుచుకుపడ్డాడు.

"నువ్వు సంఘంలో మనిషివి కాదు. పైగా ఇంత మెల్లగా మాట్లాడుతున్నావంటే నాకు అనుమానంగా ఉంది. వెళ్ళమ్మా!"

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మేనకోడలికి మామయ్య మీద ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత నుంచి ఎవరి తొట్టీ నిండటం లేదు. ఇంకేముంది, అనుమానం మామయ్యను వదిలి ఊరంతా అంటుకుంది.

"నీ చేపలు తెగ తాగేస్తున్నాయి!" అన్నాడు రైతు.

"నీ దోసకాయలు మాత్రం ఉపవాసం ఉన్నాయా?" అన్నాడు చేపలాయన.

"మీ అందరికీ ఒక దండం. వచ్చే వారం నా సొంత పైపు నేను వేసుకుంటా" అన్నాడు ఐసాయన.

మేనకోడలు లెక్క వేసుకుంది. ఆ పైపు పడిందంటే సంఘమూ ఉండదు, తన లాండ్రీలో ఒక్క చొక్కా తడవదు. దొంగను పట్టుకు తీరాలనుకుని, మర్నాడు అందరికంటే ముందే షట్టరు దగ్గరికి వెళ్ళింది.

తాళాలు నాలుగూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. షట్టరు కింద నుంచి మాత్రం సన్నగా నీళ్ళు పోతున్నాయి. చెయ్యి పెట్టి చూస్తే ఇటుక ముక్క ఊడి చేతికొచ్చింది. షట్టరు పూర్తిగా దిగకుండా ఎవరో దాన్ని అడ్డం పెట్టారు. నీళ్ళ వెంట చూపు సాగిస్తే, అవి పోయి పోయి నర్సరీలోకి మళ్ళాయి. అక్కడ నారు నవనవలాడుతోంది. రోజూ షట్టరు దించేది ఎవరు? ఆమె ఇటుకను మళ్ళీ లోపలికి తోసేద్దామనుకుంది. కానీ అప్పటికే ఐసాయన వెనక నిలబడి చూస్తున్నాడు.

మామయ్య వచ్చేసరికి అందరూ చేరారు.

"దొంగ దొరికాడు" అన్నాడు ఐసాయన.

"ఎవడు వాడు?"

"మీరే."

మామయ్య ఇటుక వంక చూశాడు. "అయ్యుండొచ్చు. నాకు నా మీద మొదటి నుంచీ అనుమానమే."

"ఇదేం పని మామయ్యా? ఆవిణ్ణి కసిరి పంపింది నువ్వే కదా?" అంది మేనకోడలు.

"కసరకపోతే ఇటుక పెట్టింది నేనేనని తెలిసిపోదూ?"

"మమ్మల్ని ఒక్క మాట అడిగితే ఏం పోయేది?" అన్నాడు రైతు.

"ఎన్నో అనుమానించానురా. మీరు ఇస్తారన్న అనుమానం మాత్రం నాకు రాలేదు."

ఐసాయన జేబులోంచి తన తాళంచెవి తీశాడు. "నా వంతులో కొంచెం ఆవిడకు వదలండి" అన్నాడు. అతనే అన్నాక మిగతావాళ్ళు కాదంటారా? తలా కాస్తా ఇస్తామన్నారు.

మామయ్య ఐసాయన చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "ఇందులో నీకేంటి లాభం?"

"ఏమీ లేదు."

"అదే నా భయం" అన్నాడు మామయ్య. కానీ కండువాతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ చాలాసేపు అటు తిరిగే నిలబడ్డాడు. మేనకోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

వారం తిరక్కుండా నర్సరీ ఆవిడ కోసం ఐదో తాళం తయారైంది. తాళంచెవి చేతిలో పెట్టబోతే ఆవిడ వద్దంది. "నాకెందుకు బాబాయ్? మీరుండగా దిగులేముంది? మీ మీద నాకు నమ్మకం."

మామయ్య ఉలిక్కిపడ్డాడు. "నా మీదా? అమ్మా, ఈ కాలువలో ఇప్పటిదాకా నీళ్ళు దొంగిలించినవాణ్ణి నేనొక్కణ్ణే! రేపటి నుంచి నువ్వూ వచ్చి, నా చేతుల వంకే చూస్తూ నిలబడు" అన్నాడు.