ఐదో నంబరు పస్తు

బావుల బాబాయికి ఉన్నది ఒకటే అలవాటు. బావి మూత తట్టి, లోపలివాళ్ళు తిన్నారో లేదో కనుక్కోనిదే నీళ్ళు తోడడు. లోపలివాళ్ళంటే సూక్ష్మజీవులు. పోనీ ఆ అడిగేదేదో గొంతు తగ్గించి అడుగుతాడా అంటే, రోడ్డవతల బస్సెక్కబోతున్నవాళ్ళు కూడా తమనే అనుకొని "ఆఁ, తిన్నాం" అనేస్తారు.

అవి మామూలు బావులు కావు. పెట్రోలు బంకు ఆవరణలో సిమెంటు నేలలోంచి లోతుగా దింపిన సన్నటి గొట్టాలు, వాటికి ఇనుప మూతలు. ఎప్పుడో పాత ట్యాంకు కారి పెట్రోలు భూమిలోకి ఇంకిపోయింది. ట్యాంకైతే మార్చారు గానీ ఇంకినదాన్ని పిండి తీయడం ఎవరి వల్ల అవుతుంది? మట్టిలో ఉండే సూక్ష్మజీవులే దాన్ని కొంచెం కొంచెంగా తిని హరాయించుకుంటున్నాయి. అవి సరిగ్గా తింటున్నాయా, వాటి కన్నుగప్పి పెట్రోలు పక్కింటి వైపు జారుకుంటోందా అని నీళ్ళు పరీక్షకు పట్టుకెళ్ళడం ఒక పరీక్షల కంపెనీలో బాబాయి ఉద్యోగం.

బంకుకి కొత్తగా వచ్చిన మేనేజరమ్మకు ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు.

"ఒకటో నంబరూ! తిన్నారా?" అని గావుకేక వినిపించి ఆవిడ చేతిలో కాఫీ చీర మీద ఒలికింది. బయటికొచ్చి చూస్తే, గొట్టంలోకి మీటరు దింపి మురిసిపోతున్న పెద్దమనిషి. "భేష్! ఆకు కూడా మిగల్చకుండా ఊడ్చేస్తున్నారే! మొహమాటపడకండి, ఇంకా బోలెడుంది!"

వెనక కారాయన హారన్ కొట్టాడు.

"అయ్యా, జనం తింటుంటే ఆ మోతేమిటి?" అన్నాడు బాబాయి.

"ఎవరు తింటున్నారు?"

"మావాళ్ళు."

"ఏం తింటున్నారు?"

"పెట్రోలు."

కారాయన అద్దం పైకెత్తుకొని, పోయించుకోకుండానే వెళ్ళిపోయాడు.

రెండు, మూడు, నాలుగు నంబర్లకూ ఇదే మర్యాద జరిగింది. ఐదోది వెనక గోడ పక్కన ఉంది. అక్కడికి వెళ్ళేసరికి బాబాయి గొంతు సవరించుకొని, ఉన్న ఊపిరంతా బిగబట్టాడు. "ఐదో నంబరూ! పోయినసారి నీళ్ళ ఫలితం వచ్చింది! మీ ఇంట పెట్రోలు చుక్క లేదు! మళ్ళీ పస్తే! శభాష్! ఇలాగే కలకాలం మాడండి!"

మేనేజరమ్మ తల పట్టుకుంది. "ఆ నాలుగింటినీ తిన్నందుకు మెచ్చుకున్నారు, దీన్ని తిననందుకు మెచ్చుకుంటున్నారు. ఇదెక్కడి న్యాయమండీ?"

"ఇక్కడిదాకా భోజనం రాకూడదమ్మా. వచ్చిందంటే పెట్రోలు గోడ దగ్గరికొచ్చినట్టే. ఆ తర్వాత పక్కావిడ ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే."

పక్కావిడంటే రిటైరైన టీచరమ్మ. జీతం రాళ్ళతో కట్టుకున్న ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ట్యాంకు కారినప్పుడు బంకు ఓనరుతో పెద్ద గొడవై, "మీ గుమ్మం తొక్కను, మిమ్మల్ని ఒక్క మాట అడగను" అని తలుపేసుకుంది. ఓనరేమైనా తక్కువ తిన్నాడా? పరీక్షల ఫలితం తనకీ కంపెనీ ఆఫీసుకీ తప్ప మూడో మనిషికి చెప్పకూడదని హుకుం వేశాడు. మంచి కబురైతే చెప్పొచ్చుగా అంటే, అలవాటైతే చెడ్డదీ అడుగుతుందన్నాడు.

బాబాయి కేకలకు బేరాలు పోతున్నాయని చివరికి ఓనరుకు ఒళ్ళు మండింది. "నోరు మూసుకొని చేస్తే సరే. లేదా ఇంకొకర్ని పంపమని కంపెనీకి చెప్తా." ఆ మాట బాబాయి చెవిన వేసే పని మేనేజరమ్మ నెత్తిన పడింది.

"పోనీ, మెల్లగా అడగనా?" అన్నాడు బాబాయి, మొహం వేలాడేసుకొని.

"మనసులో కూడా అడగొద్దు."

ఆ రోజు నాలుగు బావులూ నిశ్శబ్దంగా అయ్యాయి. ఐదోదాని దగ్గర బాబాయి చాలాసేపు నిలబడ్డాడు. మూత తుడిచాడు. గోడ వైపు చూశాడు. "దగ్గొచ్చా?" అని అడిగాడు.

"వద్దు."

వచ్చిన దగ్గు మింగేసి, సీసాలు సర్దుకోవడం మొదలెట్టాడు.

కాసేపటికి బంకులోకి ఒక తోపుడుబండి వచ్చింది. దాని మీద ట్రంకుపెట్టె, చుట్టిన పరుపు, కుక్కరు, గోడ గడియారం. ముందు టీచరమ్మ. గుమ్మం తొక్కనన్న మనిషి నడిమధ్యకొచ్చి నిలబడింది. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఎప్పటిలోగా ఖాళీ చెయ్యాలో చెప్పండి. బండతను తొందరపడుతున్నాడు."

"ఎందుకు ఖాళీ చెయ్యడం?" మేనేజరమ్మ కంగారుపడింది.

"ఐదో నంబరుకి భోజనం వచ్చేసిందిగా! ఇన్నేళ్ళుగా పస్తు, పస్తు అని చెవులు చిల్లులుపడేలా అరిచే మనిషి, ఇవాళ అక్కడ నిలబడి దగ్గు కూడా మింగేశాడు. చావుకబురు చెప్పలేనివాళ్ళే అలా నిలబడతారు. మా కిటికీలోంచి అంతా చూశాను!"

మేనేజరమ్మ బాబాయి వైపు తిరిగింది. బాబాయి చెప్పుల వైపు చూసుకున్నాడు.

"అంటే ఇన్నాళ్ళూ మీరు అరిచింది..."

"నేనెవరికీ చెప్పలేదమ్మా," అన్నాడు గబగబా. "మూడో మనిషికి చెప్పకూడదన్నారు. సూక్ష్మజీవులు మనుషులు కావుగా?"

మేనేజరమ్మకు పకాలున నవ్వొచ్చింది. ఆ పిచ్చిమనిషి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. చరచరా వెనక్కి నడిచి, తాళంచెవుల గుత్తితో ఐదో మూత మీద టంగుటంగున కొట్టి, పెట్రోలు పోయించుకుంటున్న జనమంతా చూస్తుండగా కేకేసింది.

"ఐదో నంబరూ! తిన్నారా?"

సూక్ష్మజీవుల తరఫున బాబాయి గొంతెత్తాడు. "లేదండీ! పోయినసారి నీళ్ళలోనూ చుక్క లేదు! పస్తే!"

"ఓనరు అడిగితే?" అన్నాడు ఆ వెంటనే మెల్లగా.

"బావి మూత తీసే ముందు అరవడం నిబంధన అని చెప్తాను. ఆయన నిబంధనలు చదివిన పాపాన పోలేదులెండి."

టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకొని మేనేజరమ్మను ఎగాదిగా చూసింది. "గొంతు చాల్లేదమ్మాయ్. వెనక బెంచీదాకా వినపడాలి." తర్వాత బండతని వైపు తిరిగింది.

"బండి తిప్పవయ్యా. ముందు ఆ కుక్కరు దించు. పొద్దుట్నుంచి నేనూ పస్తే."