అగ్గిపుల్లల యుద్ధవిమానం

ఆవిడ పేరు నేను అడగలేదు. కోవిల్‌పట్టిలో విరుదునగర్ బస్సెక్కి నా పక్కన కూర్చుంది. యాభై ఏళ్ళుంటాయి. ఒళ్ళో చెప్పుల అట్టపెట్టె. అంతా తమిళం మాట్లాడే ఆ బస్సులో నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, "నువ్వూ మనోళ్ళేనామ్మా?" అని నవ్వింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనట.

సాత్తూరు దగ్గర డ్రైవర్ గట్టిగా బ్రేకు వేశాడు. ఆవిడ గబగబా పెట్టె తెరిచింది. లోపల అగ్గిపుల్లలతో, అట్టతో చేసి వెండిరంగు వేసిన చిన్న యుద్ధవిమానం, ఒకదాని పైన ఒకటిగా రెండు జతల రెక్కలు. పై రెక్కను నిలబెట్టే పుల్ల ఒకటి ఊడిపోయింది.

"వాపిటి అంటారు దీన్ని. రెండు పెద్ద యుద్దాల నడమ మన దేశంలో ఎగిరింది. ఒక్క పటం చూసి రెండేండ్లు చేసినా," అంటూ సంచిలోంచి బంక తీసి పుల్ల అతికించింది. "కొంచెం పట్టుకోమ్మా. అల్లాడకూడదు."

విరుదునగర్ దాకా ఆ రెక్కను రెండు వేళ్ళతో పట్టుకునే కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ఇంత కష్టం ఎందుకని అడిగాను.

"అదింక ఎక్కడా ఎగరదు గదా. ఇదన్నా సరిగ్గా ఉండాల."

బస్టాండులో మెల్లగా వేళ్ళు తీశాను. పుల్ల నిలిచింది. కానీ వెండిరంగు మీద బంకతో నా బొటనవేలి ముద్ర పడిపోయింది. నాకు సిగ్గేసింది. ఆవిడ కొంగుతో తుడవబోయి, ఆగిపోయింది.

"ఉండనీలే. వాపిటిని పట్టుకున్నోళ్ళు ఇంకెవురుండారు?"