ఈ ఇంట్లో ఎంతమంది?

మా మావయ్యకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. చుట్టాలందరి పేర్లూ ఓటర్ల జాబితాలో సరిగ్గా ఉన్నాయా లేదా అన్నదే ఆ పిచ్చి. తాగుడో, పేకాటో అయితే నలుగురూ కూచోబెట్టి బుద్ధి చెబుదురు. దీనికేం చెప్తారు?

ఆయన పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీసే చిన్న స్టూడియో నడిపేవాడు. మనిషి కనబడితే కులాసా అడగడు. "జాబితాలో నీకింకా జుట్టుంది, కొత్త ఫోటో దిగు" అంటాడు. అమ్మకి స్వయానా అన్న కాబట్టి మాకు తప్పించుకునే దారే లేదు. గుమ్మంలో అడుగుపెడుతూనే "ఈ ఇంట్లో ఎంతమంది?" అని కేకేసేవాడు. పేరు పిలిస్తే మనిషి వచ్చి ఎదురుగా నిలబడాలి. ఒకసారి నేను స్నానాల గదిలోంచి "గొంతు వినబడితే చాలదా మావయ్యా?" అని అరిస్తే, "గొంతుకి ఓటు లేదమ్మా" అన్నాడు. తడి జుట్టుతో వచ్చి నిలబడ్డాను.

పెళ్లికి వెళ్తే నేరుగా పెళ్లికూతురి దగ్గర చేరేవాడు. "కాపురం ఎక్కడమ్మా? పుట్టింటి అడ్రసులో పేరు తీయించావా?" అసలే పుట్టిల్లు వదులుతున్నానని కుమిలిపోతున్న పిల్ల ఆ మాటతో భోరుమనేది.

చావింటి సంగతి చెప్పుకోకపోవడమే మేలు. మా వీధి చివరి దర్జీ పోయినప్పుడు పరామర్శకని వెళ్లి, కాసేపు తల దించుకుని కూచుని, "మరి పేరు తీసేయమని రాసిచ్చారా?" అన్నాడట. దర్జీ భార్య ఏడుపు ఆపి మరీ తిట్టింది. తిట్లన్నీ ఓపిగ్గా విని, "సరే తల్లీ, ఫారం ఇక్కడ పెట్టి వెళ్తున్నా" అని లేచొచ్చాడు.

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. ఇంట్లో ఎటు చూసినా ఆరని బట్టలు, వాటి ముక్కిపోయిన వాసన. పగలే లైటు వేసుకోవాల్సిన చీకటి. ఆ చీకట్లో మా అత్త ఒక మూల కూచుని ఉండేది. నాన్నకి అక్క. భర్త పోయి, అద్దె ఇల్లు ఖాళీ చేసిన దగ్గర్నుంచి కొన్నాళ్లు మా ఇంట్లో, కొన్నాళ్లు బాబాయి ఇంట్లో ఉంటోంది. పొమ్మని ఎవరూ అనలేదు. ఉండమనీ ఎవరూ అనలేదు. ఆ మాట ముందు ఎవరంటే బాధ్యత వాళ్ల మెడకే చుట్టుకుంటుందని అన్నదమ్ములిద్దరికీ భయం. ఆవిడేమో మంచం అంచున కూచునేది, ఎంత ఉక్కపోసినా తనంతట తను ఫ్యాను వేసుకునేది కాదు. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు కూరగాయలు తరుగుతూ, "ఎక్కడో ఒకచోట పడి ఉండనిస్తే చాలే. ఇలా తిరగడం ఇంక నావల్ల కాదు" అంది. వెంటనే కంగారుగా, "మీ నాన్నతో అనేవు!" అంది.

మర్నాడు బాబాయి వచ్చి ఆవిణ్ని తీసుకెళ్తాడనగా, మధ్యాహ్నం జోరు వానలో మావయ్య ఊడిపడ్డాడు.

"ఈ ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం. నీకు తెలీదా బావా?" అన్నాడు నాన్న విసుగ్గా.

అత్త చప్పుడు చెయ్యకుండా లేచి వంటింట్లోకి పోబోయింది.

"అక్కయ్యగారూ, ఆగండి. మీ పేరు ఎక్కడుంది?"

"నాకెందుకులే తమ్ముడూ."

"ఇల్లు ఖాళీ చేశారని పాతచోట తీసేశారు, కనుక్కున్నాను. బావగారూ, ఈవిడ ఎక్కడుంటున్నారు?"

"ప్రస్తుతానికి ఇక్కడ."

"ప్రస్తుతానికి అని రాయడానికి ఫారంలో గడి లేదు."

"అయితే మా తమ్ముడి అడ్రసు రాయి."

"అక్కడికీ వెళ్లొచ్చా. 'ప్రస్తుతానికి అన్నయ్య దగ్గరుంది' అన్నాడాయన."

అత్త కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది.

"సరేలే, తర్వాత చూద్దాం" అన్నాడు నాన్న.

"ఇవాళే ఆఖరు. సాయంత్రం ఆఫీసు మూసేస్తే ఇంక అంతే. బతికున్న మనిషిని ఎక్కడా లేదని ఎలా వదిలేస్తాను? మీరు తేల్చేదాకా కదలను" అంటూ మావయ్య కుర్చీలో చతికిలబడ్డాడు. చొక్కా నుంచి నీళ్లు కారి కుర్చీ కింద మడుగు కట్టాయి. టీ ఇస్తే వద్దన్నాడు. తువ్వాలు ఇస్తే వద్దన్నాడు. ఆగకుండా తుమ్ముతున్నాడు.

"ఈయన జ్వరం వచ్చినా ఇక్కడే పడుకునేలా ఉన్నాడు" అని గొణిగాడు నాన్న.

"అప్పుడు అన్నయ్య పేరు కూడా మన ఇంట్లోనే రాయించాలి" అంది అమ్మ, ముఖంలో నవ్వన్నది లేకుండా. "దానికంటే వదిన పేరు రాయించడం నయం కదండీ?"

నాన్న అత్త వైపు తిరిగాడు. "అక్కా, ఇక్కడ నీకు ఇబ్బందేం లేదుగా?"

"నాకేం ఇబ్బందిరా..." అంది అత్త.

"రాసుకో బావా. ఇక్కడే ఉంటుంది. నలుగురం."

మావయ్య ఆవిణ్ని గోడకి ఆనించి కెమెరా తీశాడు. "నవ్వకండి, ఫోటో చెల్లదు" అన్నాడు. అది ఆవిడ వల్ల కాలేదు. ఫోటో తర్వాత ఫోటో పాడైంది.

గొడుగు పట్టుకుని ఆయన్ని వీధి మొగదాకా దిగబెట్టాను. చూస్తే ఆఫీసు వైపు కాకుండా తన స్టూడియో వైపు తిరిగాడు.

"మావయ్యా! ఇవాళే ఆఖరన్నావుగా?"

"జాబితాకి ఇంకా బోలెడు గడువుందే. మీ అత్తకే లేదు. తెల్లారితే మీ బాబాయి వచ్చేస్తాడు కదా."

"అంటే అబద్ధమాడావా?"

"నోరు మూసుకుని గొడుగు సరిగ్గా పట్టు. ఫారం తడుస్తుంది."

తర్వాతి వానల్లో మావయ్య మళ్లీ వచ్చాడు. నోరు తెరిచేలోపే అత్త తడిగుడ్డ పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఆగు తమ్ముడూ, అక్కడే! ఏమిటా బురద కాళ్లు? ఇప్పుడే మా ఇల్లంతా తుడుచుకున్నాను."

మావయ్య చెప్పులు విప్పి, బుద్ధిగా వానలోకే వెనక్కి దిగి, కాళ్లు కడుక్కున్నాడు. మనిషి నిలువునా తడిసిపోయాడు, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఇప్పుడు లోపలికి రావచ్చా, అక్కయ్యగారూ?" అని అడిగాడు.