మా సోషియాలజీ సార్, తాళం పడిన ఇల్లు

మా సోషియాలజీ సార్ పోయారు. నాగర్‌కర్నూల్‌లో నేను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీలో క్లాసు ముగించి బయటికి వస్తుంటే గద్వాల నుంచి ఫోన్ వచ్చింది. చేసింది డిగ్రీలో నాతో చదివిన మిత్రుడు. ఇప్పుడు అక్కడ బట్టల దుకాణం నడుపుతున్నాడు.

"సార్ లేడు," అన్నాడు.

ఏ సార్ అని నేను అడగలేదు. మా ఇద్దరికీ సార్ అంటే ఆయనొక్కరే.

"పొద్దున నమాజ్ చేసి మళ్ల పండుకున్నడంట. లేవలే. సాయంత్రం ఆత్మకూరుల మట్టి. వస్తవా?"

వస్తానన్నాను. ప్రిన్సిపాల్‌కు చెప్పి బస్సెక్కాను. వనపర్తిలో దిగి ఇంకో బస్సు ఎక్కాలి. ఆ వనపర్తిలోనే ఒక డిగ్రీ కాలేజీలో ఆయన మాకు పాఠం చెప్పారు. మాలో ఎక్కువమంది ఆ సబ్జెక్టు కోరి తీసుకున్నవాళ్ళం కాదు. అడిగిన గ్రూపులో సీటు రాక అందులో పడ్డవాళ్ళం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. మొదటి రోజు రాగానే, "ఎవరు ఇష్టపడి వచ్చిండ్రు?" అని అడిగారు. ఒక్క చెయ్యీ లేవలేదు. "నేను గూడ గిట్లనే వచ్చిన. పర్వా లేదు," అని నవ్వి పాఠం మొదలుపెట్టారు.

ఆయన తండ్రి ఆత్మకూరులో దర్జీ. ఆ దర్జీ చూపు కొడుక్కూ వచ్చింది. చొక్కా గుండీ ఊడిన పిల్లవాడు ఎదురైతే ముందు గుండీ చూసేవారు, తర్వాతే మొహం. జేబులో సూదీ దారం ఉండేవి. క్లాసులోనే కుట్టించిన రోజులున్నాయి. ఆయన సొంత చొక్కాలు మాత్రం ఎప్పుడూ భుజం దగ్గర కాస్త వదులుగా ఉండేవి. మధ్యాహ్నం అన్నం డబ్బా స్టాఫ్ రూములో కాకుండా మాతో పాటు వరండాలో తెరిచేవారు.

"బేటా, ఈ శాస్త్రం బడిల పుట్టలే," అనేవారు. మా ఆడపిల్లల్ని కూడా ఆయన బేటా అనే పిలిచేవారు. "ఊరు చెదిరిన కాడ పుట్టింది. పొలాలు ఇడిసిపెట్టి మిల్లులకు పోయినోళ్ళు, మురికి గల్లీల్లో ఒకరికొకరు తెల్వకుంట బతికినోళ్ళు, ఆళ్ళని చూసి కొంతమంది పెద్దోళ్ళకు పరేషాన్ అయింది. మన పాలమూరోళ్ళు బొంబాయికి పోయినట్టే. గక్కడ పుట్టింది." ఫ్రాన్సు పండితుడొకాయన దీనికి మొదట సమాజ భౌతికశాస్త్రం అని పేరు పెట్టుకున్నాడనీ, ఆ పేరు ఇంకొకాయన వాడుకునేసరికి అలిగి కొత్త పేరు కట్టాడనీ చెప్పేవారు. "సగం లాటిన్, సగం గ్రీకు. మా ఇంట్ల మాట సగం ఉర్దూ, సగం తెలుగు ఉన్నట్టు."

ఆయనకు అందరికంటే ఇష్టమైన మనిషి ఒక ఇంగ్లీషు ఆడమనిషి. ఆమెకు చెవులు సరిగా వినపడేవి కావట. చెవి దగ్గర గొట్టం పెట్టుకుని అమెరికా అంతా తిరిగి, బానిసల గురించీ ఆడవాళ్ళ గురించీ విని రాసిందట. సమాజాన్ని ఎట్లా చూడాలో చెప్పిన మొదటివాళ్ళలో ఆమె ఒకతి. "వినపడని మనిషి గంత విన్నది. మనకు రెండు చెవులున్నయ్. మనమేం విన్నం?" అని అడిగి, జవాబు కోసం నిజంగానే ఆగేవారు.

అయితే ఆ రోజుల్లో ఆయన నమ్మింది ఫ్రాన్సు పండితుణ్ణే. నక్షత్రాలను చూసినట్టు సమాజాన్నీ దూరం నుంచి చూడాలి, వేలు పెట్టకూడదు, పూర్తిగా తెలుసుకున్నాకే నోరు తెరవాలి. మాకు అదే నేర్పారు.

మేం ఆఖరి సంవత్సరంలో ఉండగా, ఇందాక చెప్పిన మిత్రుడు ఒకరోజు క్లాసులో లేచి నిలబడ్డాడు. వాళ్ళది అయిజ దగ్గర ఊరు. ఆ ఊళ్ళో ఒక చాకలి కుటుంబం, ఏడాదికింత జొన్నలకు ఊరి బట్టలు ఉతకడం మానేసి, అయిజలో ఇస్త్రీ దుకాణం పెట్టుకుంది. పెద్దమనుషులు కూర్చుని ఆ ఇంటితో మాట బంద్ పెట్టారు. కిరాణా కొట్టువాడు సామాను ఇవ్వడు. గిర్నీలో పిండి పట్టరు. వాళ్ళ పిల్లతో ఆడుకునే పిల్లలు లేరు.

సార్ చేతిలో పుస్తకం మూసి, "పోదాం," అన్నారు.

ఆదివారాలు బస్సులో వెళ్ళేవాళ్ళం. ఇంటింటికీ తిరిగి అడిగేవాళ్ళం. ఈ వారం ఎవరితో మాట్లాడారు, ఎవరింటికి పోయారు, ఎందుకు పోలేదు. మొదట్లో ఊరివాళ్ళు మమ్మల్ని ప్రభుత్వం మనుషులనుకున్నారు. తర్వాత అలవాటుపడ్డారు. కిరాణా కొట్టాయన, "నాకేం పగ లేదు సార్. నేనిస్తే రేపు నా కొట్టుకు గూడ ఎవరు రారు," అన్నాడు. సార్ కళ్ళు మెరిశాయి. "చూసిండ్రా? ఒక్కడు గూడ చెడ్డోడు కాదు. అందరు కలిస్తే గిట్లయింది. శాస్త్రం ఇక్కడే ఉంది," అన్నారు బయటికొచ్చాక. ఆ క్షణంలో మాకూ ఏదో గొప్పది దొరికినట్టే ఉంది.

ఆ చాకలి ఇంటికీ వెళ్ళాం. ఇంటామె గడపలోనే నిలబడి, లోపలికి రమ్మనాలా వద్దా అని తటపటాయించింది. సార్ చెప్పులు విప్పి లోపలికి నడిచి, "అమ్మా, జర నీళ్ళిస్తవా?" అని అడిగి తాగారు. మేమూ తాగాం. ఆమె భర్త మా ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబు చెప్పాడు. ఆఖరున, "ఇదంత ఎవరికిస్తరు సార్?" అన్నాడు.

"పూర్తయినంక పై అధికారుల దగ్గరికి తీస్కపోత."

తిరుగు బస్సులో మిత్రుడు, "సార్, ఇప్పుడే పోయి చెప్తే అయిపోతది కదా?" అన్నాడు.

"జర ఆగు బేటా. సగం తెలుసుకోని పోతే అబద్ధం అంటరు. ఊరి దిక్కు మాట గూడ నిండుగ వినాలె."

మేం వింటూనే ఉన్నాం. మళ్ళీ ఒక ఆదివారం వెళ్ళేసరికి ఆ ఇంటికి తాళం వేసి ఉంది. పూనాకు పోయారని పక్కింటి ముసలమ్మ చెప్పింది. చెబుతూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పొయ్యేటప్పుడు గూడ నేను మాట్లాడలే అయ్యా. ఆ పిల్ల నా దిక్కు చూసుకుంటనే పోయింది," అంది. ఆ తాళం ముందు మేమంతా ఊరికే నిలబడ్డాం. అడగడానికి ప్రశ్న లేదు.

తర్వాత సార్ పోయి చెబితే అధికారులు వచ్చారు. మాట బంద్ తీసేశామని పెద్దమనుషులు ఒప్పుకున్నారు. తీసేసి ఏం లాభం, మాట్లాడవలసిన మనుషులే ఊళ్ళో లేరు. మేం రాసుకున్నది చాలా బాగా వచ్చిందనీ, పెద్ద సభలో చదవమనీ ఎవరో పిలిస్తే సార్ వెళ్ళలేదు.

చాలా ఏళ్ళకు, నేను ఉద్యోగంలో చేరాక, ఆత్మకూరులో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయనే ఆ మాట ఎత్తారు. ఆ చాకలాయన ఏదో పెళ్ళికి గద్వాలకు వస్తే మిత్రుడు గుర్తుపట్టి సార్‌కు ఫోన్ చేశాడట. సార్ పరుగున వెళ్ళారట.

"మాఫ్ చెయ్యమని అడిగిన బేటా. ఆయన ఏమన్నడో తెలుసా? 'ఆ దినాల్ల మా ఇంట్ల నీళ్ళు తాగింది మీరే సార్. నా పెండ్లాం ఇప్పటికీ చెప్తది' అన్నడు. తిడితే బాగుండు. గా మాట ఇంక లోపలికి దిగింది."

తర్వాత, "మా అబ్బా మనిషిని కొలిచి బట్ట కోసేటోడు. నేను బట్ట ముందు కోస్కోని మనిషికి తొడగబోయిన," అన్నారు.

నేను ఏదో సర్దిచెప్పబోయాను. చేత్తో వద్దని వారించారు.

ఆ తర్వాత ఆయన పాఠం మారిందని జూనియర్లు చెప్పేవారు. నక్షత్రాల మాట మానేశారు. ఒక జర్మనీ పండితుడు, మనిషి చేసే పనికి ఆ మనిషే ఇచ్చుకునే అర్థం పట్టుకోవాలన్నాడని చెప్పి, "నేను ఈయన దగ్గరికి లేటుగా వచ్చిన," అనేవారట. పెబ్బేరు వైపు ఒక ఊళ్ళో అట్లాంటిదే మాట బంద్ జరిగిందని తెలిసిన రోజు, క్లాసు మధ్యలో చాక్‌పీస్ పెట్టేసి, ఎవరిదో మోటార్ సైకిల్ ఎక్కి నేరుగా అధికారి ఇంటికే వెళ్ళారట. ఆ కుటుంబం ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంది. ఆ సంగతి ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. పూనాకు పోయినవాళ్ళ గురించే మాట్లాడేవారు.

ఆయన రిటైరవక ముందే ఆ కాలేజీలో సోషియాలజీ ఎత్తేశారు. ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తుందని తల్లిదండ్రులు అడిగితే చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. చివరి ఏళ్ళు ఆయన చేత వేరే సబ్జెక్టులు చెప్పించారు. ఈ శాస్త్రం ఎట్లా పుట్టిందో మన మాటల్లో రాయమని మేం ఎంతమందిమో అడిగాం. "నాకు చెప్పొస్తది గానీ రాయరాదు," అనేవారు. ఆ గొంతు ఆయనతోనే పోయింది. మాలో ఎవరు చెప్పినా అట్లా రాదు.

నేను ఆత్మకూరు చేరేసరికి జనాజా లేచింది. మిత్రుడు మగవాళ్ళతో పాటు పాడెకు భుజం పట్టి వెళ్ళిపోయాడు. నేను లోపల ఆడవాళ్ళ మధ్య, సార్ భార్య పక్కన చాప మీద కూర్చున్నాను. ఆమె ఏడవడం లేదు. నా చెయ్యి పట్టుకుని, నేను ఎవరినో గుర్తుచేసుకుని, మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టింది.

"దినాం పొద్దున నేను రొట్టెలు చేస్తుంటె వంటింట్ల నిలబడి నాకే ముందు పాఠం చెప్పేటోడు బేటీ. నాకేం సమజ్ అయితది? అయినా చెప్పేటోడు. ఫ్రాన్స్‌ల రాజు ఉండెనంట. జనం కోపమొచ్చి తీసేసిండ్రంట. పాత పద్ధతులన్ని పోయినయంట. గప్పుడు అందరికి భయమైందంట, ఇగ మనల్ని ఒక్క కాడ ఏది పట్టి ఉంచుతది అని."

బయట వాకిట్లో ఎవరో కుర్చీలు సర్దుతున్న చప్పుడు.

"తర్వాత ఏమైందమ్మా?" అన్నాను.

"తెల్వదు బేటీ. గంతవరకు వచ్చేసరికి ఆయన బస్సు టైం అయ్యేది," అని, ఆమె వంటింటి గడప వైపు చూస్తూ ఉండిపోయింది.