ఖాళీ గోడల గది

దోహా బస్సుల్లో ఏసీ మీద నాకో చిన్న ఫిర్యాదు ఉంది. ఎడారి దేశానికి వచ్చి స్వెట్టర్ కొనుక్కోవాల్సి వచ్చింది.

ఆ రోజు అబూ హమూర్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్నావిడ దగ్గర ఒక అట్ట జిరాఫీ ఉంది. దాని తల నా ఒళ్లోకి వచ్చింది. నా ఫోన్ మాటలు విన్నట్టుంది, ఆవిడ తెలుగులోనే సారీ చెప్పింది. నర్సరీ టీచరట.

"ఇన్నేండ్లు పొద్దంతా మొత్తుకున్నక్కా. మొన్న గోడల మీది బొమ్మలన్నీ తీసేసిన. పాటల స్పీకర్ బంద్ జేసిన. నేను గూడ మెల్లగ మాట్లాడిన. పిల్లలు నిమ్మళమైండ్రు. ఎన్నడూ నోరు తెరవని పిల్లొచ్చి నా చెవుల కత జెప్పింది. డ్యూటీకి పోవుడంటే గప్పుడు ఖుషీ అయింది."

"మంచిదేగా?"

"పేరెంట్స్ వచ్చి చూసిండ్రు. గోడలు ఖాళీగున్నయి, ఏం నేర్పుతలేరని కంప్లైంట్ ఇచ్చిండ్రు. రేపటికల్లా అన్నీ మళ్ల అంటించాలె. స్కూలోళ్లు కొత్త స్పీకర్ గూడ తెచ్చిండ్రు."

"పాతదానికంటే పెద్దదా?"

"రెండు."

ఆవిడ నవ్వలేదు. ఏదో ఒకటి అనాలి కదా అని, అర్థం చేసుకునే మాలాంటి తల్లిదండ్రులూ ఉంటారులెండి, మావాడూ నర్సరీయే అన్నాను.

ఆవిడ జిరాఫీని తన వైపు లాక్కుంది.

"మీరు గూడ గోడలు జూసే చేర్పించి ఉంటరక్కా."