పొదిగే కోడిని ఎత్తుకొచ్చిన దీప

సువార్తమ్మకు రెండు పనులు. సోమవారం నుంచి శనివారం దాకా మేడ్చల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో గోళీలు డబ్బాలకెత్తడం. దానికి జీతం వస్తుంది. ఆదివారం పొద్దున తూంకుంట పక్క బస్తీలో, రేకుల కప్పున్న చర్చిలో పిల్లలకు సండేస్కూలు చెప్పడం. దీనికి జీతం లేదు సరికదా, చాక్‌పీసులూ పిప్పరమెంట్లూ కూడా ఆమె చేతి నుంచే. అయినా ఏం పని చేస్తావని ఎవరడిగినా రెండోదే ముందు చెప్పేది.

1996లో కోతపండుగ దగ్గరపడింది. ఆ రోజు సంఘంలో వాళ్లు ఇంట్లో పండిందో పెరిగిందో ఒకటి తెచ్చి దేవుని ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పుచ్చు వంకాయలు ఏరి మరీ తెచ్చే పెద్దమనుషులంటే సువార్తమ్మకు ఒళ్లు మంట. ఆ మంట కాస్తా పిల్లల పాఠంలోకి వచ్చేసింది.

"పారేసేటియి దేవునికియ్యద్దు. మీ ఇంట్ల అన్నిట్ల మంచిది ఏదుంటే గది తేవాలె. సమజైందా?"

అందరికంటే బాగా సమజైంది దీపకే. తొమ్మిదేళ్ల పిల్ల. అమ్మానాన్నలు సూరారంలో కూలిపని చేసుకుంటుంటే నాయనమ్మ యాదవ్వ దగ్గర పెరుగుతోంది. యాదవ్వది మైసమ్మకు మొక్కే ఇల్లు. నాలుగు మంచి మాటలు చెవిన పడతాయని మనవరాలిని పక్కింటి పిల్లలతో పంపేది. పండుగనాడు దీప ఇంట్లోని నల్లకోడిని చంకనేసుకుని వచ్చింది. సువార్తమ్మ పొంగిపోయి పిల్ల నెత్తిన ముద్దు పెట్టింది. ఆ ముద్దు గుర్తొస్తే తర్వాత చాలాకాలం సిగ్గుపడేది.

వేలంలో కోడిని మేస్త్రీ బాలరాజు పాడుకుని, సైకిలుకు వేలాడదీసుకుని వెళ్లిపోయాడు. సువార్తమ్మ చాపలు చుడుతుండగా యాదవ్వ చీర ఎగదోపుకుని వచ్చింది.

"ఏందమ్మా టీచరమ్మా, గిదేనా నువ్వు నేర్పేది? పొదుగుల గూసున్న కోడిని ఎత్తుకచ్చింది మా పోరి! కింద పన్నెండు గుడ్లున్నయి. ఇంకో ఆరు దినాలైతే పిల్లలయితుండె."

సువార్తమ్మ చేతిలో చాప వదిలేసింది. "గుడ్లేవి?"

"పాత చీరల సుట్టి గంపల పెట్టిన. ఆ చీర కోడి లెక్క ఎంతసేపు కాస్తది?"

ఇంకో మాట లేకుండా సువార్తమ్మ బాలరాజు ఇంటికి పరుగు తీసింది. మిట్టమధ్యాహ్నం, పండుగ చీరలో, చెప్పులు మరిచిపోయి. దేవుని పేరు చెప్పి ఓ పసిదాన్ని దొంగను చేశానే అన్నదొక్కటే బుర్రలో తిరుగుతోంది. గుడ్లు చస్తే యాదవ్వ పిల్లను పంపదు. పంపకపోవడమే న్యాయం. అదే ఆమెను ఎక్కువ పొడిచింది.

బాలరాజు వాకిట్లో పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. అతను కత్తి నూరుతున్నాడు. కోడి ఏదీ? గుంజకు కట్టేసి ఉంది, గొంతు చించుకుని అరుస్తోంది. ఆ అరుపు అంత తీయగా ఉంటుందని సువార్తమ్మ ఎన్నడూ అనుకోలేదు.

"అన్నా, ఆగు! అది పొదిగే కోడే!"

సంగతంతా విని బాలరాజు కత్తి కింద పెట్టాడు. "అందుకే గింత బక్కగున్నది. జల్దీ తీస్కపో టీచరమ్మా."

"మరి నీ పైసలు?"

"దేవునికిచ్చినయి మళ్లడుగుతనా? పో, పో!"

యాదవ్వ ఇంటికి తెచ్చి కోడిని గంపలో దింపారు. అది దిగి వాకిలంతా తిరిగింది, మట్టి గీరింది, గంప వైపు చూడనే లేదు. ఆడవాళ్లిద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. చివరికి రెక్కలు దులుపుకుని వెళ్లి గుడ్ల మీద కూర్చుంది. సువార్తమ్మ గోడకు జారగిలబడింది.

తలుపు చాటున నక్కిన దీపను దగ్గరికి పిలిచింది. "తప్పు నాది బిడ్డా. ఇంట్లది గాదు, నీది ఏదుంటే గది ఇయ్యాలె అని నేను జెప్పాల్సుండె."

"నాది ఏమున్నది టీచర్?"

అప్పటిదాకా తిడుతున్న యాదవ్వ తిట్లు ఆపి మనవరాలిని దగ్గరికి లాక్కుంది.

2006లో మోకాళ్లు మొరాయించి మానేసేదాకా ఆమె ఇవ్వడం గురించిన పాఠాన్ని ఇంకోలాగా చెప్పింది. "ప్రభువు ఇంకొకలది తెచ్చి మనకియ్యలే. తన పానమే ఇచ్చిండు. మీది ఏమున్నదో ముందు సూస్కోండ్రి." కానీ ఆ పాఠం ఆమెకు వంటబట్టింది మాత్రం ఆ కోతపండుగ తర్వాతి ఆదివారమే.

ఆ రోజు చర్చి కాగానే గుండె చిక్కబట్టుకుని యాదవ్వ ఇంటికి వెళ్లింది. గంప చుట్టూ పదకొండు పిల్లలు కిచకిచలాడుతున్నాయి. ఒక్క గుడ్డే మురిగిపోయిందట. దేవా, అనుకుని గంప పక్కనే కూర్చుంది. దీప దోసిట్లో ఒక పసుపుపచ్చ పిల్ల ఉంది.

"గిది నాదేనంట టీచర్. అవ్వ ఇచ్చింది." అని, అనుమానంగా దోసిలి వెనక్కి లాక్కుంది. "నేనియ్య."

సువార్తమ్మకు నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఇయ్యకు బిడ్డా. నీదే."

యాదవ్వ మాత్రం మూతి ముడిచింది. "నువ్వే జెప్పమ్మా జర. మిగిలినయి తల్లితోటి నూకలు బుక్కుతున్నయా, గా ఒక్కదానికి పొద్దుగాల తన పళ్లెంల బువ్వ సగం పెట్టింది. ఎంత జెప్పినా ఇంటలేదు."

నాది ఏమున్నదని వారం కింద అడిగిన పిల్ల నెత్తిన సువార్తమ్మ మళ్లీ ముద్దు పెట్టింది, ఈసారి సిగ్గుపడాల్సిన పని లేకుండా.