చెరిపేసిన సముద్రం

ఒక సముద్రాన్ని తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను. నవ్వకండి. గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గీసిన సముద్రం అది, అరచేయంత కూడా ఉండదు. అయినా బరువుకేం తక్కువ లేదు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

మాది మట్టెవాడలో బట్టల దుకాణం. వెనక ఇల్లు, పైన ఒక అద్దె గది. ఆ గదిలో ఉన్న కాలేజీ లెక్చరరు ఒకాయన ఊరు మారుతూ ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని వదిలేసి పోయాడు. నేనప్పుడు బీఎస్సీ రెండో ఏడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని నెల రోజులు కుస్తీ పడితే తేలిందేమిటంటే, అదొక ఆట. ఒకరు ఒక దేశాన్ని ఊహించి, పటం గీసి దాచుకోవాలి. మిగతావాళ్ళు ఆ దేశం చూడడానికి వచ్చిన బాటసారులు. ఎటు నడుస్తారో వాళ్ళు చెప్పాలి, అక్కడ ఏం కనబడుతుందో పటం గీసినవాళ్ళు చెప్పాలి. పుస్తకంలో సగానికి పైగా రాక్షసులతో యుద్ధాలే. పక్కింటి కమలక్క జాకెట్లు కుడుతుంది. ఆమె వినీ వినగానే, "ఉన్న కొట్లాటలు సాలవానే, మళ్ళ ఇదొకటా?" అంది. దాంతో యుద్ధాలన్నీ తీసేశాను. తిరగడం ఒక్కటే మిగిలింది.

ఆదివారం మధ్యాహ్నాలు, మగవాళ్ళు తిని పడుకున్నాక, వెనక వరండాలో ముగ్గురం కూర్చునేవాళ్ళం. నేను, కమలక్క, మా వదిన. వదిన స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి మా అన్న భార్యగా వచ్చింది. ఏడో తరగతితో బడి మానిపించారు. పుస్తకం అడిగిన వింత పాచికలు మా దగ్గరెక్కడివి? పచ్చీసు గవ్వలతోనే కానిచ్చాం. ఎండా వానా, దారిలో తిండి దొరికేదీ లేనిదీ గవ్వలే చెప్పేవి. కాగితం మీద ఒక గడి అంటే ఒక రోజు నడక. కొత్త గడిలో ముందు అడుగు పెట్టినవాళ్ళు దానికి పేరు పెట్టాలి. నడిచిన గళ్ళు గుర్తు పెట్టుకోవడానికి వదిన దగ్గర వేరే గ్రాఫు కాగితం ఉండేది. పేరు పెట్టే ముందు దాని మీద ఆ గడిలో పసుపు బొట్టు పెట్టేది, కొత్త గడపకు పెట్టినట్టు. అది ఏ పుస్తకంలోనూ లేదు, ఆమె తెచ్చిన ఆచారం. నేను తెచ్చిన నియమం కూడా ఒకటుంది. గీసిన దేశం మారదు. మొదటి రోజు గవ్వల మీద చెయ్యి పెట్టి మరీ చెప్పాను.

కమలక్కకు ప్రతి గడిలోనూ ఒకటే ప్రశ్న, పొయ్యి పెట్టుకునే జాగా ఉందా అని. ఉంటే ఇక కదిలేది కాదు. వదిన అలా కాదు. గాలి ఎటు వీస్తోంది, మట్టి ఏ రంగు, పిట్టలు సాయంత్రం ఎటు పోతున్నాయి, అన్నీ అడిగేది. నా దేశానికి తూర్పు చివర ఒక సముద్రం గీసి పెట్టాను. మాలో ఎవరం సముద్రం చూసినవాళ్ళం కాదు. దాన్ని కనుక్కోవడానికి వీళ్ళకు ఏడాదైనా పడుతుందని లోలోపల మురిసిపోతుండేదాన్ని.

వదినకు ఐదు వారాలు పట్టింది. కాగితం మీద వేలు పెట్టి, "ఏరు చీలిపోతాంది. చెట్లన్ని ఒక్క దిక్కే వంగినయ్. నీళ్ళు ఉప్పగున్నయంటివి. ఇంక మూడు గళ్ళు తూర్పుకు పోతె సముద్రమే పిల్లా" అంది. ఆ రోజు ఒక గడి నడిచింది, తర్వాతి ఆదివారం ఇంకొకటి. మిగిలింది ఒక్కటే. ఆమె ముఖం ఎంత వెలిగిపోయిందో చెప్పలేను. ఆ వేడిమీదే పదో తరగతి ప్రైవేటుగా రాస్తానని అన్నతో ఫారం కూడా తెప్పించుకుంది. వారం లోపల నింపి పంపాలి.

సరిగ్గా ఆ వారమే నేను లెక్కల్లో ఫెయిలయ్యాను. అమ్మ ఏదో పని చేసుకుంటూ, "నీకన్న అదే నయం, ఏడు సదివినా బుర్ర ఉన్నది" అంది. మనసులో పెట్టుకుని అన్న మాట కూడా కాదు. కానీ నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. శనివారం సాయంత్రం పటం తీశాను. రబ్బరు తీసుకుని సముద్రాన్ని చెరిపేశాను. అలల మీద రాళ్ళ గుట్టలు గీశాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. గుట్టలకు నీడలు కూడా వేశాను.

మర్నాడు వదిన పసుపు ముందే వేలికి అద్దుకుని కూర్చుంది.

"ఆ, అడుగు పెట్టిన. సెప్పు. కనవడ్డదా?"

"లేదు వదినె. గుట్టలు. అన్ని రాళ్ళ గుట్టలే."

"సముద్రం లేదా?"

"లేదు."

నన్ను అనుమానించలేదు. అదే నన్ను ఈనాటికీ తినేస్తున్నది. వేలి పసుపును కొంగుకు తుడుచుకుని, "నాకే సమజ్ గాలే. సదువు లేనిదాన్ని, నాకేం ఎరుక" అంది. ఆ గడికి పేరు పెట్టలేదు. ఆ తర్వాత ఆడినన్నాళ్ళూ గాలి గురించి గానీ మట్టి గురించి గానీ అడగలేదు. "ఎటు పోవాల్నో నువ్వే సెప్పు పిల్లా" అనేది.

ఫారం పంపలేదు. అన్న అడిగితే, ఇవన్నీ నాకు రావులే అందట. ఆటలో ఒక గడి తప్పినంత మాత్రాన ఎవరైనా చదువు వదులుకుంటారా? వేరే కారణాలు ఉండి ఉండవా? ఉండే ఉంటాయి. ఇంటి పని, కడుపులో పిల్లవాడు. ఇలా నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. చెప్పుకున్న ప్రతిసారీ కొంగుకు తుడిచిన ఆ పసుపు మరక గుర్తొచ్చేది.

ఆమె బతుకు పాడైందని అనుకోకండి. వదిన హాయిగా ఉంది. ఇప్పుడు దుకాణంలో చీరల గద్దె ఆమెదే. ఆమె చెయ్యి పడితే బేరం కుదిరినట్టే. నన్ను హన్మకొండకే ఇచ్చారు కాబట్టి ఆదివారం ఆదివారం వస్తాను. టీవీ వచ్చాక ఆట ఆగిపోయింది గానీ, చాయ్ తాగుతూ కమలక్క పొయ్యి సంగతి తలచుకుని కడుపుబ్బా నవ్వుకుంటాం. మంచి రోజులే ఇవి, కాదనను. అంత మంచిగా ఉండడం వల్లే చెప్పడం ఇంకా కష్టమైంది.

పోయిన వారం ఇంటికి సున్నం వేయిస్తూ, అటక మీది తన ట్రంకు సర్ది పెట్టమంది వదిన. అడుగున నింపని ఫారం ఉంది. దాని మడతలో తన గ్రాఫు కాగితం. గడి గడికీ పసుపు బొట్టు, కింద పేరు. బొట్టు లేని గడి ఒక్కటే. దాని పక్కన అంచులో, అడుగు పెట్టకముందే రాసుకున్నట్టుంది, పెన్సిలుతో చిన్న అక్షరాలు. సముద్రానికి పెట్టాలనుకున్న పేరు. కొట్టెయ్యలేదు. ఆ పేరు మీకు చెప్పను. చెబితే నేనెవరో తెలిసిపోతుంది.

కింద నుంచి వదిన, "ఏమన్న దొరికినయా పిల్లా?" అని కేకేసింది.

"పాత కాగితాలు వదినె" అన్నాను. అప్పుడు కూడా అంతే అన్నాను.

కాగితం మళ్ళీ మడతలోనే పెట్టి వచ్చాను. ఏదో ఒక ఆదివారం చెబుతానేమో, చెప్పనేమో, నాకే తెలియదు. మీకైనా చెప్పాను. మా వదిన లెక్క తప్పలేదు. మూడు గళ్ళు, తూర్పుకు. సముద్రం అక్కడే ఉండింది.